ఋణగ్రస్తుడు, బానిస, న్యాయసభ: గ్రీకు, రోమన్ సాహిత్యంపై ఒక పరిశీలన

ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు గ్రీసు, న్యాయశాస్త్రానికి పుట్టినిల్లు రోము అనే వాక్యం లేని చరిత్ర పాఠ్యగ్రంథం అరుదు. ఆ వాక్యం చదివి పరవశించేవారు కొందరు. "బానిసల చేత చాకిరీ చేయించుకున్న యజమానుల ప్రజాస్వామ్యంతో మనకేం పని?" అని కొట్టిపారేసేవారు మరి కొందరు. కళాశాలలో సాహిత్యం చెప్పుకునేవాణ్ణి గనుక ఈ రెండు మాటలూ నా చెవిన తరచు పడుతూనే ఉంటాయి. రెండో మాట అనేవారిలో మన అభ్యుదయ శిబిరానికి చెందిన విద్యార్థులే ఎక్కువ. మొదటివారి దృష్టిలో చరిత్ర ఒక దానపత్రం. జ్ఞానులైన పెద్దలు కూర్చుని ఆలోచించి ప్రజలకు హక్కులు ధారపోశారు. రెండోవారి దృష్టిలో అది దొంగ దస్తావేజు. చించి పారేస్తే సరి. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండు అభిప్రాయాలలోనూ ఒకటే లోపం ఉంది. ఆ హక్కుల్ని అడిగి తీసుకున్నవాడెవడు, ఏ అవసరం కొద్దీ అడిగాడు అనే ప్రశ్న రెండూ వేయవు.

ఆ ప్రశ్న వేస్తే మనకు ఎదురయ్యేవాడు ఋణగ్రస్తుడు. ఏథెన్సులోనూ, రోములోనూ న్యాయవ్యవస్థ చరిత్ర మొదటి అధ్యాయం అప్పుతోనే మొదలవుతుంది. తీసుకున్న అప్పుకు తన శరీరాన్నే తాకట్టు పెట్టవలసి వచ్చిన బీదరైతు తిరగబడటం వల్లనే అక్కడ శాసనం బహిరంగమైంది, న్యాయసభ తలుపులు తెరుచుకున్నాయి. ఇది మొదటి సంగతి. ఆ ఋణగ్రస్తుడు విముక్తుడైన చోటనే, అతడి స్థానంలోకి పరదేశం నుంచి కొని తెచ్చిన బానిస ప్రవేశించాడన్నది రెండో సంగతి. ఈ రెండింటినీ కలిపి చూడనివారికి ప్రాచీన ప్రజాస్వామ్యం అర్థం కాదని నా అభిప్రాయం.

నేను చరిత్రకారుణ్ణి కాను. నాకు తెలిసిన పని గ్రంథాలను చదివి బేరీజు వేయటం. కనుక ఈ వ్యాసంలో నాలుగు రచనలను తీసుకుని, శాసనం లెక్కలోకి తీసుకోని మనిషిని ఆ రచన విన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్న అడుగుతాను. సోలన్ పద్యాలు, ఈస్కిలస్ 'ఒరెస్టియా' నాటకత్రయం, లివీ రోమన్ చరిత్రలోని రెండో సంపుటం, టాసిటస్ 'వార్షిక చరిత్ర'లోని పద్నాలుగో సంపుటం ఆ నాలుగు రచనలు.

మన ఆలంకారికులు వాక్కును మూడు విధాలుగా విభజించారు. స్వామి ఆజ్ఞాపించినట్టు చెప్పేది ప్రభుసమ్మితం. వేదశాస్త్రాలు ఈ కోవలోవి, రాజశాసనాన్నీ ఇందులోనే చేర్చుకోవచ్చు. స్నేహితుడు నచ్చజెప్పినట్టు కథ చెప్పి ఒప్పించేది సుహృత్సమ్మితం. ప్రియురాలు మనసు కరిగించినట్టు చెప్పేది కాంతాసమ్మితం, అదే కావ్యం. ఈ మూడింటిలోనూ చెప్పేవాడు ఒకడు, వినేవాడు మరొకడు. విన్నవాడు ఎదురు ప్రశ్న వేస్తే ఏమవుతుందన్నది ఆ విభజనలో లేదు. మనం చూడబోయే రచనలకు జీవం ఆ ఎదురు ప్రశ్నలోనే ఉంది.

1

క్రీ.పూ. 594లో సోలన్ ఏథెన్సు అధికారి అయ్యేనాటికి అట్టికా ప్రాంతపు భూమి కొద్దిమంది చేతుల్లో ఉంది. బీదరైతులు భార్యాబిడ్డలతో సహా ధనికులకు చాకిరీ చేస్తున్నారు. అప్పు తీర్చలేనివాణ్ణి బానిసగా అమ్మేయవచ్చు. అంతకు ముందు డ్రాకో వ్రాసిపెట్టిన శాసనాలు ఉన్నాయి గాని, అవి ఈ స్థితిని మార్చలేదు. అంతర్యుద్ధం తప్పదన్న దశలో ఉభయ పక్షాలూ సోలన్ను మధ్యవర్తిగా ఒప్పుకున్నాయి. ఉన్న అప్పులను అతడు రద్దు చేశాడు. ఇకముందు మనిషి శరీరం తాకట్టు మీద అప్పు ఇవ్వరాదని నిషేధించాడు. దీన్ని గ్రీకులు 'బరువు దులపటం' అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు.

ఈ శాసనకర్త కవి కూడా కావటం మనబోటి సాహిత్య విద్యార్థులకు విశేషం. తాను చేసిన పనిని సమర్థించుకుంటూ అతడు పద్యాలు చెప్పాడు. వాటిలో ముఖ్యమైన భాగాలు అరిస్టాటిల్ పేరు మీద ప్రసిద్ధమైన 'ఎథీనియన్ల రాజ్యాంగం' అనే గ్రంథంలో భద్రపడ్డాయి. శతాబ్దాల పాటు అలభ్యమైన ఆ గ్రంథం ఈజిప్టు పాపిరస్ చుట్టలలో దొరికి 1891లో అచ్చయింది.

ఆ పద్యంలో సోలన్ భూమిని సాక్షిగా పిలుస్తాడు. ఆ భూమి మీద పాతిన ఋణచిహ్నాల రాళ్ళను తాను పెకలించానంటాడు. పరదేశాలకు అమ్ముడుపోయినవారిని వెనక్కి తెచ్చానని చెబుతూ, వారిలో కొందరు అనేక దేశాలు తిరిగి తిరిగి తమ సొంత భాషనే మరిచిపోయారంటాడు. నా దృష్టిలో ఆ పద్యానికి ప్రాణం ఈ ఒక్క వివరమే. దాస్యం మనిషి నుంచి భూమినీ కుటుంబాన్నీ లాక్కుంటుందని ఎవరైనా చెప్పగలరు. అది నాలుక మీది మాటను కూడా లాక్కుంటుందని గుర్తించటానికి కవి కావాలి. ప్రభుసమ్మితమైన శాసనం చేసినవాడు ప్రజల ముందుకు వచ్చి, ఇదుగో నేను చేసింది, ఇందుకు చేశాను అని సంజాయిషీ చెప్పుకోవటం ఇక్కడ కనిపిస్తుంది. రాజు తన శాసనానికి సంజాయిషీ చెప్పడు. చెప్పవలసి వచ్చిందంటే, వింటున్నవాళ్ళకు అడిగే బలం వచ్చిందని అర్థం.

అయితే సోలన్ విప్లవకారుడు కాడు. నీచులకూ, ఉత్తములకూ భూమిని సమంగా పంచటం తనకు ఇష్టం లేదని అతడే పద్యంలో ఒప్పుకున్నాడు. ఆస్తిని బట్టి పౌరులను నాలుగు తరగతులుగా విభజించి, అట్టడుగు తరగతికి పదవులు లేకుండా చేశాడు. ఆ తరగతికి దక్కినవి ప్రజాసభలో చోటూ, న్యాయసభలో చోటూ మాత్రమే. కాని ఆ రెండో చోటు చిన్నది కాదని కాలం నిరూపించింది. శరీరం తాకట్టు నిషేధం, అన్యాయానికి గురైనవారి తరఫున ఎవరైనా వ్యాజ్యం వేయగల హక్కు, న్యాయసభకు అప్పీలు చేసుకునే హక్కు — సోలన్ సంస్కరణలలో ప్రజలకు అత్యంత అనుకూలమైనవి ఈ మూడేనని 'ఎథీనియన్ల రాజ్యాంగం' చెబుతుంది. న్యాయసభలో ఓటు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వారి చేతిలో ఉన్నట్టేనని ఆ గ్రంథకర్త గ్రహించాడు. అతడు ప్రజాస్వామ్యానికి వీరాభిమాని కాకపోవటం వల్ల ఈ సాక్ష్యానికి విలువ ఇంకా ఎక్కువ.

ఇక నాణేనికి రెండో వైపు. సాటి ఎథీనియన్ను బానిసగా చేసుకోవటానికి వీల్లేనప్పుడు ధనికుడి పొలంలో, గనిలో, కార్ఖానాలో పని చేసేవాడెవడు? గ్రీకు స్వాతంత్ర్యమూ, గ్రీకు బానిసత్వమూ చేయీ చేయీ కలిపి నడిచాయని మోజెస్ ఫిన్లీ 1959లో ఒక వ్యాసంలో వాదించాడు. ప్రజాస్వామ్యం బీద పౌరుణ్ణి కొంతమేరకైనా దోపిడీ నుంచి కాపాడినందువల్లనే ధనికులు బానిసల శ్రమ మీద మరింత ఆధారపడ్డారని 1981లో మార్క్సిస్టు చరిత్రకారుడు డి సెంట్ క్రోయి తన ఉద్గ్రంథంలో విశదీకరించాడు. క్రీ.పూ. 414లో ఏథెన్సు ప్రభుత్వం కొందరు దోషుల ఆస్తులను జప్తు చేసి వేలం వేసింది. ఆ వేలం పట్టిక రాతిపలకల మీద చెక్కి ఉంది, ముక్కలుగా నేటికీ మిగిలింది. గిన్నెలూ మంచాలతో పాటు అందులో మనుషులూ ఉన్నారు. వారిలో థ్రేసువాళ్ళు, కారియావాళ్ళు, సిరియావాళ్ళు ఉన్నారు. చాలామంది పక్కన పేరుకు బదులు జాతి, దాని పక్కన ధర. వీళ్ళు కూడా సొంత భాష మరిచిపోయినవాళ్ళే. వీళ్ళను వెనక్కి తెచ్చే సోలన్ లేడు. వీళ్ళ గురించి ప్రజాస్వామ్య ఏథెన్సు వ్రాసుకున్న కావ్యం ఆ వేలం పట్టికే.

2

సోలన్ తరవాత 136 ఏళ్ళకు ఏథెన్సు న్యాయసభ నాటకరంగం మీదికి ఎక్కింది. క్రీ.పూ. 458లో ప్రదర్శితమైన 'ఒరెస్టియా'కు రాజకీయ నేపథ్యం తెలియనిదే దాని బలం బోధపడదు. ఏరియోపగస్ అనేది మాజీ అధికారుల సభ, కులీనుల కోట. దాని అధికారాలలో చాలా భాగాన్ని క్రీ.పూ. 462 ప్రాంతంలో ఎఫియాల్టీస్ అనే నాయకుడు ఊడబెరికి ప్రజాసభకూ, న్యాయసభలకూ పంచాడు. హత్య నేరాల విచారణ దానికి మిగిలింది. కొద్దికాలంలోనే అతడు హత్యకు గురయ్యాడు. ఆ రక్తం తడి ఆరకముందే, ఏరియోపగస్ పుట్టుక గురించి ఈస్కిలస్ నాటకం వ్రాశాడు.

కథ మన విద్యార్థులకు తెలిసిందే. యుద్ధానికి గాలి అనుకూలించాలని అగమెమ్నాన్ కన్నకూతురిని బలి ఇస్తాడు. తిరిగి వచ్చిన భర్తను క్లైటెమ్నెస్ట్రా చంపుతుంది. కొడుకు ఒరెస్టీస్ తల్లిని చంపుతాడు. తల్లి రక్తానికి ప్రతీకారం కోరుతూ ఉగ్రదేవతలు అతణ్ణి వెంటాడతారు. మూడో నాటకంలో ఎథీనా దేవత ఏథెన్సు పౌరులను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టి విచారణ జరిపిస్తుంది. ఓట్లు సమానంగా పడతాయి, ముద్దాయి విడుదలవుతాడు. కోపించిన ఉగ్రదేవతలను ఎథీనా నచ్చజెప్పి, నగరంలోనే నేల కింద వారికి పూజాస్థానం కల్పిస్తుంది.

ఈ నాటకం మీద మన శిబిరంలో ఒక సుదీర్ఘ చర్చా సంప్రదాయం ఉంది. మాతృస్వామ్యం ఓడి పితృస్వామ్యం గెలిచిన ఘట్టానికి ఇది ప్రతిబింబమని బాహోఫెన్ 1861లో వ్రాశాడు. 1891లో తన 'కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాంగయంత్రముల పుట్టుక' నాల్గవ కూర్పు పీఠికలో ఎంగెల్స్ ఆ వ్యాఖ్యను మెచ్చుకున్నాడు. చరిత్రను మత విశ్వాసాలే నడిపిస్తాయన్న బాహోఫెన్ భావనను మాత్రం తిరస్కరించాడు. జార్జి థామ్సన్ 1941లో ప్రచురించిన 'ఈస్కిలస్, ఏథెన్సు'లో తెగల సమాజం నుంచి ప్రజాస్వామ్యం దాకా సాగిన ప్రయాణాన్ని ఈ నాటకంలో చదివాడు. మాతృస్వామ్యం ఒక సార్వత్రిక చారిత్రక దశ అనే వాదాన్ని నేటి పరిశోధకులలో అధికులు అంగీకరించరు. అంతమాత్రం చేత ఎంగెల్స్ చూపు వృథా కాదు. న్యాయసభ పుట్టిన రోజునే స్త్రీకి వ్యతిరేకంగా తీర్పు వచ్చిందన్న సంగతిని ఆ చర్చ మన ముందు నిలిపింది. తల్లి అసలు జన్మకారకురాలే కాదు, బీజాన్ని మోసే పాత్ర మాత్రమే అని అపోలో సభలో వాదిస్తాడు. తానూ తల్లి లేకుండా పుట్టినదాన్నేనని చెప్పి ఎథీనా ఒరెస్టీస్ పక్షాన ఓటు వేస్తుంది. ఇంత బలహీనమైన వాదం మీద అంత గొప్ప వ్యవస్థను నిలబెట్టవలసి రావటాన్ని ఈస్కిలస్ దాచలేదు. సమానమైన ఓట్లు కూడా అదే చెబుతున్నాయి. ఉగ్రదేవతల మాటలో సత్యం లేకపోతే సగం ఓట్లు వారికెట్లా పడతాయి?

ఈ నాటకం గొప్పదనం ఇక్కడ ఉందని నేననుకుంటాను. కక్ష ఇంటి గోడల మధ్య నుంచి సభ మధ్యకు వచ్చింది. కత్తి పట్టినవాడు కారణం చెప్పవలసి వచ్చింది. ఓడినవారిని తరిమివేయకుండా వారికి నగరంలో చోటు ఇవ్వవలసి వచ్చింది.

కాని సభకు రాని వ్యాజ్యం ఒకటి ఉంది. మొదటి నాటకంలో అగమెమ్నాన్ తనతో పాటు కసాండ్రాను తెస్తాడు. ఆమె ట్రాయ్ రాజకుమారి, యుద్ధంలో పట్టుబడ్డ బానిస. రథం దిగమని క్లైటెమ్నెస్ట్రా అడిగితే పలకదు. ఈమెకు మన భాష రాదేమో, పిట్ట భాష కాబోలు అని రాణి ఎగతాళి చేస్తుంది. తరవాత ఆమె నోరు విప్పుతుంది. ఆ ఇంటి గతంలోని హత్యలనూ, జరగబోయే హత్యలనూ, తన చావునూ కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. ఆ నాటకంలో అంత సత్యం మరెవరి నోటా రాదు. లోపలికి వెళ్ళి చస్తుంది. మూడో నాటకంలో అగమెమ్నాన్ హత్య, క్లైటెమ్నెస్ట్రా హత్య చర్చకు వస్తాయి. కసాండ్రాకు ఉగ్రదేవతలు లేరు, వాది లేడు, ఓటు లేదు.

ఇది కవి మరుపు అని నేననుకోను. ఏథెన్సు శాసనం ప్రకారం బానిస న్యాయసభలో నేరుగా సాక్ష్యం చెప్పరాదు. చిత్రహింస పెట్టి రాబట్టిన సాక్ష్యమే నియమం ప్రకారం చెల్లుతుంది. న్యాయసభ బానిసను వినదు గనుక నాటకంలోని న్యాయసభ కూడా వినలేదు. కాని నాటకరంగం విన్నది. ఒక రోజు ప్రదర్శనలో వేలాది పౌరులు ఒక బానిసస్త్రీ మాటలను ఊపిరి బిగబట్టి విని, అదే రోజు ఆమె ఊసెత్తని విచారణను చూశారు. శాసనానికీ కావ్యానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపిన రచన ప్రాచీన సాహిత్యంలో నాకు కనిపించలేదు.

ఏథెన్సు ప్రజాస్వామ్యం మీద వెక్కిరింతలకు లోటు లేదు. క్రీ.పూ. 422లో అరిస్టోఫనీస్ 'కందిరీగలు' అనే ప్రహసనంలో న్యాయసభ పిచ్చి పట్టిన ముసలివాళ్ళను నవ్వులపాలు చేశాడు. రోజుకు మూడు ఓబోలుల భత్యం కోసం వాళ్ళు తెల్లవారకముందే పరుగెత్తుతారు. కాని ఆ నవ్వులో నుంచి వాస్తవాన్ని విడదీసి చూడండి. ఏటా 6000 మందిని చీట్లు వేసి న్యాయనిర్ణేతలుగా ఎంచేవారు. కూలి పోగొట్టుకుని రాలేని బీదవాడు రాగలగాలని భత్యం ఇచ్చేవారు. ఆ ముసలివాడు తన ముందు పెద్దమనుషులు వంగి బతిమాలుకోవటం చూసి పొంగిపోతాడు. అరిస్టోఫనీస్‌కు అది హాస్యాస్పదం. ఆ ముసలివాడి తాతను అప్పు కింద అమ్మేసి ఉండేవారన్న సంగతి గుర్తున్నవారికి ఆ పొంగు అంత హాస్యాస్పదంగా తోచదు.

3

ఇప్పుడు రోముకు వద్దాం. అక్కడా కథ అప్పుతోనే మొదలవుతుంది. లివీ తన చరిత్రను అగస్టస్ కాలంలో, ఆ సంఘటనలు జరిగిన నాలుగు వందల ఏళ్ళకు పైబడిన తరవాత వ్రాశాడు. కనుక అతడి తొలి సంపుటాలలోని దృశ్యాలను చరిత్రగా కన్నా సాహిత్యంగా చదవటమే న్యాయం. ఆ దృశ్యాల వెనుక ఉన్న వర్గ సంఘర్షణ మాత్రం కల్పన కాదు.

క్రీ.పూ. 495 నాటి సంఘటనగా లివీ చెప్పేది ఇది. చింపిరి బట్టలతో, పాలిపోయిన శరీరంతో ఒక ముసలివాడు నగర కూడలిలోకి వస్తాడు. ఒకప్పుడు అతడు సైనిక దళపతి. అతడు యుద్ధంలో ఉండగా శత్రువులు పొలం ధ్వంసం చేశారు, ఇల్లు తగలబెట్టారు, పశువులను తోలుకుపోయారు. ఆ సమయంలోనే పన్ను మీద పడింది, పన్ను కోసం అప్పు చేశాడు. అప్పుకు తాత తండ్రుల భూమి పోయింది, చివరికి శరీరమూ పోయింది. ఛాతీ మీద యుద్ధంలో తగిలిన గాయాలు, వీపు మీద అప్పిచ్చినవాడు కొట్టించిన కొరడా దెబ్బలు. రెండూ జనానికి చూపిస్తాడు. ఒక మనిషి శరీరం మీదనే ఒక రాజ్యపు ఆర్థిక వ్యవస్థను లివీ వ్రాసిపెట్టాడు. అతడు ధనికుల పక్షపాతి కావచ్చు, ఈ పుటలో మాత్రం అతడి కలం నిజం పలికింది.

మరుసటి ఏడు ప్లెబియన్లు నగరం విడిచి పవిత్ర పర్వతం మీదికి వెళ్ళిపోయారు. కత్తి దూయలేదు, కదలలేదు. సైన్యంలో చేరేవాడు లేక కులీనులకు కాళ్ళాడలేదు. రాయబారిగా వెళ్ళిన మెనీనియస్ అగ్రిప్పా వారికి ఒక కథ చెప్పాడట. అవయవాలన్నీ కడుపు మీద అలిగి పని మానేశాయి, చివరికి తామే కృశించిపోయాయి. అంటే సెనేటు కడుపు, ప్రజలు కాళ్ళూ చేతులూ. మన ఛాందోగ్యోపనిషత్తులోనూ ఇంద్రియాలు తమలో ఎవరు గొప్ప అని పోట్లాడుకునే కథ ఉంది. అక్కడ గెలిచేది ప్రాణం. రోమన్ కథలో గెలిచేది కడుపు కావటం చమత్కారమే.

పాఠ్యగ్రంథాలు ఈ కథను ఆప్యాయంగా చెబుతాయి. ఇది అచ్చమైన సుహృత్సమ్మితం, మిత్రుడి ముసుగులో యజమాని హితబోధ. కాని ప్లెబియన్లు కొండ దిగింది కథ విని కాదు. తమలో నుంచి తాము ఎన్నుకునే ట్రిబ్యూన్లు ఉండాలని, వారి శరీరం మీద చేయి వేయటం మహాపాతకంగా పరిగణించాలని ఒప్పందం జరిగాకే దిగారు. ఆ మాట లివీయే చెప్పాడు. కథ గుర్తుండి ఒప్పందం మరుగున పడటం పాలకవర్గ సాహిత్యానికి ఉన్న శక్తి. సుమారు 1608 ప్రాంతంలో షేక్స్పియర్ 'కొరియొలేనస్' నాటకాన్ని తిండిగింజల కోసం తిరగబడ్డ జనంతో ప్రారంభించి, అదే కథను మెనీనియస్ చేత చెప్పించాడు. అయితే అక్కడ ఒక సామాన్య పౌరుడు కథకు మధ్యలో అడ్డు తగిలి ప్రశ్నలు వేస్తాడు. లివీలో మూగగా కథ విన్న జనానికి షేక్స్పియర్ నోరు ఇచ్చాడు. ఈ ఒక్క మార్పు చాలు, నాటక ప్రక్రియకు ఉన్న ప్రజాస్వామిక స్వభావం తెలియటానికి.

ట్రిబ్యూన్లు వచ్చాక, శాసనాలను వ్రాసి బయట పెట్టమన్న ఆందోళన సాగింది. వ్రాయని శాసనం పెట్రీషియన్ల నోట్లో ఉన్నంతకాలం వారు ఏమంటే అదే న్యాయం. క్రీ.పూ. 451, 450 సంవత్సరాలలో 'ద్వాదశ ఫలకాలు' వెలువడ్డాయి. రోమన్ పిల్లలు వాటిని బడిలో వల్లెవేసేవారని సిసెరో చెప్పుకున్నాడు. అవి ప్రజల విజయమే. కాని వాటిలో ఏముంది? తీర్పు అయిన అప్పుకు 30 రోజుల గడువు. తరవాత అప్పిచ్చినవాడు అతణ్ణి పట్టుకుని గొలుసులు వేయవచ్చు. 60 రోజుల నిర్బంధం, మూడు సంతల్లో ప్రకటన. అప్పటికీ తీర్చలేకపోతే టైబర్ నది అవతల అమ్మవచ్చు, చంపనూ వచ్చు. అప్పిచ్చినవారు పలువురైతే భాగాలుగా కోసుకోవచ్చునన్న నిబంధన కూడా ఉంది. ఆ శిక్ష నిజంగా అమలైనట్టు తాము వినలేదని తరవాతి కాలపు రోమన్లు చెప్పుకున్నారు. పెట్రీషియన్లకూ ప్లెబియన్లకూ వివాహం నిషిద్ధమన్న నియమమూ చేరింది, క్రీ.పూ. 445లో పోరాడి దాన్ని తొలగించుకున్నారు.

ఉన్న క్రౌర్యాన్నే వ్రాస్తే అది ఎట్లా విజయమవుతుందని అడగవచ్చు. వ్రాయటం వల్ల క్రౌర్యానికి ఒక హద్దు, ఒక తేదీ, ఒక సాక్షి ఏర్పడతాయి. 30 రోజులంటే 29వ రోజున పట్టుకోవటం నేరమవుతుంది. వ్రాసింది గనుక వేలెత్తి చూపవచ్చు, మార్చమని అడగవచ్చు. అడిగారు కూడా. ఋణదాస్యాన్ని తొలగించిన శాసనాన్ని లివీ క్రీ.పూ. 326 నాటిదిగా చెప్పాడు. ప్లెబియన్లకు అది స్వాతంత్ర్యం రెండోసారి మొదలైనట్టని అతడి భావం. క్రీ.పూ. 304లో ఫ్లేవియస్ అనే గుమాస్తా, ఒక విముక్త బానిస కొడుకు, అంతవరకూ పురోహిత వర్గం గుప్పిట్లో ఉన్న వ్యాజ్య విధానాలనూ, కోర్టులు పనిచేసే రోజుల పట్టికనూ బయట పెట్టేశాడు. న్యాయశాస్త్రానికి పుట్టినిల్లు రోము అని వల్లించేవారు ఈ గుమాస్తా పేరు కూడా వల్లిస్తే బాగుంటుంది.

4

ఋణగ్రస్తుడు బయటపడ్డాడు. రోము సామ్రాజ్యమైంది, యుద్ధాలలో పట్టుబడ్డ బానిసలు ఇటలీ పొలాలనూ, ధనికుల ఇళ్ళనూ నింపారు. ఇక్కడే నాలుగో రచన వద్దకు వస్తున్నాం.

క్రీ.శ. 61లో రోము నగర పాలనాధికారి పెడానియస్ సెకుండస్‌ను అతడి బానిస ఒకడు చంపాడు. యజమాని ఇంట్లో హత్యకు గురైతే ఆ కప్పు కింద ఉన్న బానిసలందరినీ చంపాలన్నది పాత ఆచారం. క్రీ.శ. 10లో సెనేటు తీర్మానం దానికి శాసన బలం ఇచ్చింది. ఆ ఇంట్లో ఉన్నవారు 400 మంది. అందులో స్త్రీలూ, పిల్లలూ ఉన్నారు. నగర ప్రజలు గుమిగూడి అడ్డు తిరిగారు. సెనేటులోనూ కొందరు జంకారు. అప్పుడు గేయస్ కాసియస్ లేచాడు. అతడు సామాన్యుడు కాడు, ఆ కాలపు మహా న్యాయశాస్త్రవేత్త, ఒక న్యాయ సంప్రదాయానికి అతడి పేరే పెట్టుకున్నారు. పూర్వుల శాసనం పూర్వులదే, దాన్ని మార్చరాదన్నాడు. నానా జాతుల బానిసలు ఇళ్ళల్లో నిండిన ఈ కాలంలో భయం తప్ప మరో పగ్గం లేదన్నాడు. ప్రతి గొప్ప శిక్షలోనూ కొంత అన్యాయం ఉంటుంది, వ్యక్తులకు కలిగే ఆ నష్టాన్ని లోకహితం పూడుస్తుందన్నాడు.

టాసిటస్ ఈ ఉపన్యాసానికి రెండు ప్రకరణాలు కేటాయించాడు. లాటిన్ వాగ్మితకు అది మంచి ఉదాహరణ. ఎదుటి పక్షానికి అతడు ఇచ్చింది ఒక్క వాక్యం: సంఖ్యను, వయసును, స్త్రీత్వాన్ని, అత్యధికుల నిస్సందేహమైన నిర్దోషిత్వాన్ని తలచి జాలిపడే కలగాపులగపు గొంతులు వినవచ్చాయట. పేరున్న వక్త ఒక్కడూ లేడు. వీధిలో జనం రాళ్ళూ కాగడాలూ పట్టుకున్నారు. నీరో చక్రవర్తి వారిని మందలిస్తూ ప్రకటన వెలువరించి, వధ్యస్థానానికి పోయే దారి పొడవునా సైనికులను నిలబెట్టించాడు. 400 మందినీ చంపారు. ఆ నాలుగు వందల మందిలో ఒక్కరి మాట కూడా టాసిటస్ పుటలో లేదు.

ఈ పుటను విమర్శకులు శైలీ సౌష్ఠవం కోసం చదువుతారు. మనం అందులోని కొలతను చూడాలి. న్యాయశాస్త్రవేత్తకు రెండు ప్రకరణాలు, జనానికి ఒక వాక్యం, బానిసలకు శూన్యం. అయినా ఆ ఒక్క వాక్యాన్ని టాసిటస్ వ్రాయకుండా ఉండలేకపోయాడు. ఆ జనం ఎవరు? రోము నగర సామాన్యులలో విముక్త బానిసలూ, వారి సంతతీ గణనీయంగా ఉండేవారు. పూర్వం కొండ ఎక్కి ట్రిబ్యూన్లను సాధించుకున్న ప్లెబియన్ల వారసులమని చెప్పుకునే హక్కు ఆ రోజున వీధిలో ఉన్నవారికే ఉంది. దాదాపు నాలుగు శతాబ్దాల కిందట ఋణదాస్యాన్ని తొలగించిన శాసనం తమను కాపాడింది గనుక, బానిసల చావు తమకు పట్టదని వారు అనుకోలేదు. శాసనం గీసిన గీతను శాస్త్రవేత్త కాపాడాడు, రాళ్ళు పట్టుకున్నవారు దాటారు.

ఈ నాలుగు రచనలను ఒక వరుసలో పెట్టి చూస్తే నా మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. సోలన్ తనవారిలో భాష మరిచినవారిని విన్నాడు, పరాయివారిని వినలేదు. ఈస్కిలస్ బానిసస్త్రీని రంగస్థలం మీద విని, న్యాయసభలో వినిపించలేకపోయాడు. లివీ ఋణగ్రస్తుడి వీపు చూపించాడు, అతడి వర్గానికి మాత్రం కడుపు కథ చెప్పించాడు. టాసిటస్ వినికిడి అందరిలోకీ తక్కువ, కాని ఆ ఒక్క వాక్యంలోనే భవిష్యత్తు ఉంది.

కనుక పరవశించేవారికి నా మనవి: ఈ హక్కులు జ్ఞానుల దానం కావు, కొండ ఎక్కినవారూ, కూడలిలో వీపు చూపినవారూ సంపాదించినవి. కొట్టిపారేసే మిత్రులకు మరో మనవి: చీటీ వేసి న్యాయనిర్ణేతను ఎంచటం, బీదవాడికి భత్యం ఇవ్వటం, శాసనాన్ని వ్రాసి వీధిలో నిలబెట్టటం, ఇవి యజమానుల మోసాలైతే ప్లేటో మొదలుకొని యజమానుల పక్షం వహించిన మేధావులు వాటిని అంతగా ఎందుకు ఏవగించుకున్నారు? శత్రువు దేన్ని చూసి భయపడ్డాడో తెలుసుకోవటం కూడా వర్గ దృక్పథంలో భాగమే.

ఇది మనకు దూరదేశపు పాతకథ కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ అంబేద్కర్, రాజకీయాలలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి మనం అడుగు పెడుతున్నామని హెచ్చరించాడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అప్పు కింద మనిషిని కట్టిపడేసే పద్ధతిని రద్దు చేస్తూ ప్రత్యేక చట్టం రావటానికి 1976 దాకా పట్టింది. సోలన్ చేసిన నిషేధానికీ దీనికీ మధ్య రెండున్నర వేల ఏళ్ళ దూరం. ఆ చట్టం రాకముందే, 1947లోనే, 'మా భూమి' నాటకం తెలంగాణా రైతును మన రంగస్థలం మీదికి తెచ్చి అతడి చేతనే మాట్లాడించింది. మన భాషలో సాహిత్యం ఆ విషయంలో శాసనం కన్నా ముందు నడిచింది.

ఏ కాలపు ప్రజాస్వామ్యంలోనైనా ఓటుండీ వాది లేనివారు, ఇంట్లో ఉండీ లెక్కలో లేనివారు కొందరు మిగిలే ఉంటారు. వారెవరో న్యాయస్థానపు దస్త్రాలు చూస్తే తెలియదు. 'ఒరెస్టియా'ను తరగతిలో చెప్పేటప్పుడు మూడో నాటకం దగ్గర ఆగి, ఈ సభలో కసాండ్రా వ్యాజ్యం ఎక్కడుందని విద్యార్థులను వెతకమనాలని సాటి అధ్యాపకులను కోరుతున్నాను. అది అక్కడ లేదని వారు తమంతట తాము కనిపెట్టాలి. ఆ తరవాత మన కాలపు రచనలను కూడా అదే ప్రశ్నతో చదవటం వారికి కష్టం కాదు.